టెంకలు కావలసిన మనిషి

పెళ్లయ్యాక మా ఆయన నన్ను మొట్టమొదట తీసుకెళ్లింది మామిడి రసం ఫ్యాక్టరీ వెనక గేటుకి. సంతోషంతో కొత్త చెప్పులు వేసుకున్నాను.

ఆయన అక్కడ వ్యర్థాలు తగ్గించే అధికారి. అందరూ టెంకల దొర అంటారు. ఈ సీజన్లో వ్యర్థం సున్నా కాకపోతే ఉద్యోగం ఊడుతుంది. అందుకని బాగా ఆలోచించి ఒక నియమం రాశారు: ఎవరికైనా కావాలంటే అది వ్యర్థం కాదు. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఇక ఒక్కో డ్రమ్ము పక్కన అది కావలసిన మనిషి ఒకరు నిలబడాలి. తొక్కలకి మా అత్తగారు కుదిరారు. టెంకలకే ఎవరూ దొరకలేదు.

"ఊరికే నిలబడి కోరుకో, చాలు," అన్నారాయన.

"ఎంత కోరుకోవాలండీ?"

"డ్రమ్ము నిండా."

"నేను పొద్దుట్నుంచీ తొక్కల్ని కోరుకుంటున్నానమ్మాయ్, నడుము పట్టేసింది," అన్నారు అత్తయ్య.

ఆడిటరు వచ్చాడు. ఆవిణ్ణి అడిగాడు: "తొక్కలెందుకమ్మా?"

"అవి లేందే ముద్ద దిగదు బాబూ."

రాసుకుని నావైపు తిరిగాడు. అప్పటికే నేనొక టెంక చీకుతున్నాను. రసం మోచేతి దాకా కారుతోంది.

"కావాలండీ! ఎంత గుజ్జుందో చూడండి!"

మా ఆయన ముఖం పాలిపోయింది. ఆడిటరు టై భుజం మీదికి వేసుకుని ఒకటి చీకాడు. ఇంకొకటి కూడా చీకాడు.

"సరుకంతా టెంకతో పాటే గేటు దాటుతోందయ్యా!"

"ఆవిడకి కావాలి కదండీ..."

"ఆవిడకి కావలసింది గుజ్జు. గుజ్జు తీసే మిషన్ సందు బిగించు. ఒట్టి టెంక కూడా కావాలంటే సరే. వద్దంటే అది వ్యర్థం. నువ్వూ అంతే."

అత్తయ్య నెత్తి కొట్టుకున్నారు. "కూర్చున్న కొమ్మని నరుక్కునేవాళ్లని చూశా గానీ, జుర్రుకున్నదాన్ని నిన్నే చూస్తున్నానే తల్లీ!"

మా ఆయన స్పానర్ తీసుకుని మిషన్ బిగించి వచ్చారు. శుభ్రంగా తుడిచినట్టున్న టెంక ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. నాకి చూశాను. చెక్క రుచి. కావాలని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

దాన్ని అటూ ఇటూ తిప్పాను. పీచంతా నిక్కబొడుచుకుని ఉంది. అచ్చం మా ఆయన నిద్ర లేచినప్పటి తలే! ఒకవైపు అణిచాను. రెండోవైపు లేచింది. నవ్వాగలేదు.

"ఇలా ఇవ్వమ్మా," ఆడిటరు చెయ్యి చాచాడు.

వెనక దాచుకున్నాను. "ఇవ్వను."

"పరీక్షకేనమ్మా."

"వేరేది తీసుకోండి." అతను డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. అతను తీసింది మా ఆయన కుడివైపు తిరిగి పడుకుని లేచినప్పటి తలలా ఉంది. "అయ్యో, అదీ వద్దు!"

అతను లాగాడు. నేనూ లాగాను. చివరికి డ్రమ్మును కావలించుకుని కూర్చున్నాను. ఆడిటరు టెంక వదిలేసి పుస్తకం తీశాడు. పెద్ద అక్షరాలతో 'సున్నా' అని రాసి, మా ఆయనకి చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఒంటిగది ఇంటి ముందు లారీ ఆగింది.

"టెంకలు కావలసిన అమ్మగారెవరండీ?" డ్రైవరు అరిచాడు. "రోజూ ఈ వేళకే తెమ్మంటారా?"

మా ఆయన మంచం నిలబెట్టి చోటు చేస్తున్నారు. నేను దువ్వెన కోసం వెతుకుతున్నాను.