చెడ్డీరాజు కూర్చున్న చోటు

హౌరా పక్కనున్న లిలువా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన హైమకి నది అవతల సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం దొరికింది. వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో బొమ్మలు గీసే పని. కంప్యూటర్ మీద చుక్క పక్కన చుక్క పేర్చి వేలెడంత మనిషిని నిలబెట్టాలి, నడిపించాలి, గెంతించాలి. ఆమె చేరిన రెండో ఏడు ఒక విదేశీ కంపెనీ వాళ్ళు పని అప్పజెప్పారు. ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాత నవ్వుల ఆట ఒకటుంది, దాన్ని ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆడే చిన్న మిషన్‌కి సరిపడేలా మళ్ళీ తయారుచెయ్యాలన్నారు. విజయవాడ నుంచి వచ్చిన రఘురాం ఆ పనికి పెద్ద. అతను పాత ఆటని తెర మీద పెట్టి చూపించగానే హైమ కుర్చీలో ముందుకి వంగింది.

బొజ్జ రాజొకడు. కిరీటం లేదు, అంగరఖా లేదు, ఒంటి మీద చారల చెడ్డీ తప్ప మరేమీ లేదు. బట్టలన్నీ కాకులు ఎత్తుకుపోయాయి. మేడల మీంచి మేడల మీదికి గెంతుతూ వాటిని ఒక్కొక్కటే వెతికి తెచ్చుకోవాలి.

"ఈయన నాకు తెలుసు సార్," అంది హైమ.

ఆమెకే కాదు, ఇంటిల్లిపాదికీ తెలుసు. హైమ హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఆమె తండ్రి పెద్దిరాజు ఖిదిర్‌పూర్‌లో విదేశీ సామాన్లమ్మే కొట్లో ఆ ఆట కొన్నాడు. కొన్నది కొడుకు బైరాగి కోసం. అప్పటికి బైరాగి పడిపోవడం మొదలైంది. మొదట మెట్ల మీద పడ్డాడు, తర్వాత చదునైన నేల మీద కూడా పడేవాడు. కండలు కరిగిపోయే జబ్బన్నారు డాక్టర్లు, దానికి మందు లేదన్నారు. లిలువా వర్క్‌షాపులో బోగీలు బాగుచేసే పెద్దిరాజు ఆ మాట విని ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా చాలాసేపు మంచం మీద కూర్చున్నాడు. తర్వాత ఒక ఆదివారం పొద్దున్న బయటికి వెళ్ళి ఆ ఆటతో తిరిగొచ్చాడు.

బొజ్జ రాజుకి పిల్లలు చెడ్డీరాజని పేరు పెట్టారు. క్వార్టర్లలో ఉన్న బెంగాలీ పిల్లలూ బీహారీ పిల్లలూ కూడా అలాగే పిలిచేవారు.

"నా పేరేటి, ఆడి పేరేటి? రెండూ ఒక్కలాగుండాలేటి?" అని పెద్దిరాజు కోపం నటించేవాడు.

గెంతు తప్పినా చెడ్డీరాజు చచ్చిపోడు. ధబ్బుమని కూలబడతాడు. కూర్చున్నచోటే మీసం సవరించుకుంటాడు, అటూ ఇటూ చూస్తాడు, ఆ తర్వాత చెడ్డీ దులుపుకుని లేచి, ఆడుతున్నవాళ్ళకి వంగి దండం పెడతాడు. ఆ దండం చూసి గదిలో పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వేవారు. అందరికంటే ముందు బైరాగి నవ్వేవాడు.

ఇప్పుడు బైరాగి చక్రాల కుర్చీలో ఉన్నాడు. చేతులు ఒళ్ళోంచి పైకి లేవవు. వేళ్ళు కదులుతాయి, అంతే.

ఆఫీసులో పని సాగుతున్నకొద్దీ ఇరుకు తెలిసొచ్చింది. తెర చిన్నది, ఆట ఎక్కించే కేసెట్‌లో చోటు ఇంకా చిన్నది. పాత ఆటలోవన్నీ అందులో పట్టవు. ఒకరోజు రఘురాం హైమని పిలిచాడు.

"పడ్డాక జరిగే తతంగం తీసేద్దాం హైమా. రాజు పడగానే తెర నల్లగా అయిపోతుంది, మళ్ళీ మొదటికొస్తాడు. బోలెడంత చోటు మిగులుతుంది."

"అది తీసేస్తే ఆటే మారిపోతుంది సార్."

"నాకు మాత్రం ఇష్టమా? చోటు వాళ్ళిచ్చినంతే. ఒకటి ఉండాలంటే ఇంకొకటి పోవాలి. ఏది పోవాలో నువ్వే చెప్పు."

హైమ ఆ వారమంతా కాకుల రెక్కలు కత్తిరించింది, మేడల కిటికీలు తగ్గించింది. మిగిలిన కాస్త చోటులో రాజు లేవడాన్నీ దండం పెట్టడాన్నీ ఇరికించింది. కూర్చోవడానికి చోటు లేదు. పడ్డవాడు బంతిలా లేచి దండం పెట్టేస్తాడు. లేవలేని తమ్ముడికి, పడ్డ ప్రతిసారీ లేచే రాజంటే ఎంత ఇష్టమో తనకి తెలుసని ఆమె నమ్మకం. అది మాత్రం పోనివ్వకూడదనుకుంది. ఆటని పరీక్షించడానికి ఉంచిన మిషన్‌ని రఘురాం అనుమతితో శనివారం ఇంటికి తెచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తల్లి సింహాచలమ్మ చాప మీద కూర్చుని చేటలో బియ్యం బాగుచేస్తోంది. హైమ తమ్ముడి ఒళ్ళో దిండు పెట్టి, దాని మీద మిషన్ ఆనించి, రెండు చేతులూ సర్ది పెట్టింది. బైరాగి మొదటి మేడ దాటాడు, రెండోది దాటాడు. తర్వాత కావాలనే రాజుని పడేశాడు. రాజు లేచి దండం పెట్టాడు. మళ్ళీ పడేశాడు. మళ్ళీ దండం.

"ఏటైంది? బాగులేదా?" అంది హైమ.

"బొమ్మ బాగా గీసావప్పా," అన్నాడు. అక్కని అప్పా అనే పిలుస్తాడు. "మరీ తొందరగా లెగిసిపోతన్నాడు."

"చోటు చాల్లేదురా. అందుకని కూచోడం తీసేసి లెగడం ఉంచాను. నీకదే ఇష్టం కదా."

"నాకా?" బైరాగి తెర మీంచి కళ్ళెత్తాడు. "లెగడం మీకిష్టం. అప్పుడు మీరందరూ నవ్వేవోరు. నాను అంతకుముందే నవ్వేసీవోణ్ణి. ఆడు కూచుంటాడు సూడు, అప్పుడు."

"కూచుంటే ఏటుంది అందులో?"

ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు బైరాగి. "నాను పడితే నువ్వు పరిగెట్టుకొచ్చీదానివి. అమ్మ వచ్చీది. క్వార్టర్లు క్వార్టర్లే వచ్చీవి. పడింది నాను, ఏడుపు మీది. రెక్క పట్టుకుని లేపీసీవోరు. దెబ్బ తగిలిందో లేదో కూడా నన్ను సూసుకోనిచ్చీవోరు కాదు. చెడ్డీరాజు దగ్గరికి ఎవరూ రారు. పడ్డచోటే కూచుంటాడు. మీసం సవరించుకుంటాడు. తనకి తోచినప్పుడు లెగుత్తాడు."

సింహాచలమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"పడితే లేపకుండా ఎలాగుంటామురా?" అంది.

"లేపాలమ్మా. నాను వద్దన్నానా? కొంచెం ఆగి లేపుంటే బాగుండీది."

సింహాచలమ్మ చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. హైమకి వెనకటి రోజొకటి కళ్ళ ముందుకొచ్చింది. కుళాయి దగ్గర బైరాగి పడిపోయి, "ఉండు, ఉండు" అంటున్నాడు. నొప్పికి అలా అంటున్నాడనుకుని తను ఇంకా గట్టిగా పట్టుకుని లేపింది. ఇప్పుడా సంగతి ఎత్తబోయి మానేసింది. దిండు కొంచెం జారితే సర్దింది. బైరాగి మళ్ళీ ఆటలో పడ్డాడు.

సోమవారం హౌరా బ్రిడ్జి మీద ఎర్రజెండాల ఊరేగింపు పోతోంది, బస్సు ఆగిపోయింది. ఆఫీసుకి ఆలస్యంగా చేరిన హైమ తిన్నగా రఘురాం దగ్గరికి వెళ్ళింది.

"లేవడం తీసేద్దాం సార్. దండం కూడా వద్దు. కూర్చోవడం ఉంచుదాం. బటన్ నొక్కితే గెంతుతాడు. నొక్కేదాకా కూర్చునే ఉంటాడు."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా. చుట్టూ కాకులు ఎగురుతుంటాయి, ఆయన చూస్తుంటాడు."

"మొన్నటిదాకా లేవాలని పట్టుబట్టింది నువ్వే కదా."

"నాకు తెలీక అన్నాను. మా తమ్ముడు చెప్పాడు. నాకంటే ఎక్కువ ఆడినవాడు."

రఘురాం పెన్సిల్ తీసి చోటు లెక్క వేసుకున్నాడు. తర్వాత విదేశీ కంపెనీకి రాశాడు. వాళ్ళు మొదట వద్దన్నారు. హైమ గీసి పంపిన బొమ్మలు చూశాక సరేనన్నారు. అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి కాబట్టి చోటు కూడా సరిపోయింది. రాజు తల తిప్పి చూసే తీరు మాత్రం ఆమె పాత ఆటలోంచి తీసుకోలేదు. బైరాగి వరండాలో కూర్చుని, పోతున్న లోకల్ రైలు వెంట మెడ మెల్లగా తిప్పుతాడు. అది చూసి గీసింది.

ఆట విదేశాల్లో అమ్మకానికొచ్చింది. మరుసటేడు దసరా పూజల ముందు రఘురాం ఒక కేసెట్, మిషన్ తెచ్చి హైమ చేతిలో పెట్టాడు. ఈలోగా బైరాగి కుడి బొటనవేలు కూడా కదలడం మానేసింది. దిక్కులు తిప్పే ఎడమవేలు ఇంకా ఆడుతోంది. గెంతించడం కుడివేలి పని. మిషన్‌ని ఒళ్ళో పెట్టించుకుని బైరాగి దానివైపే చూస్తూ కూర్చున్నాడు. హైమ ఏదో అనబోయింది. అంతలో పొద్దుటి డ్యూటీ నుంచి వచ్చిన పెద్దిరాజు పీట లాక్కుని కొడుకు పక్కన కూర్చున్నాడు.

"ఏది నొక్కాల?"

"కుడి పక్కది నాన్నా. నాను ఎగురు అంటే నొక్కాల."

సుత్తి పట్టిన బొటనవేలు. ఒకటి నొక్కబోతే రెండు బటన్లు నొక్కుకునేవి. కొడుకు ఎగురు అన్నాక ఆయన నొక్కేసరికి రాజు మేడ అంచు దాటి కింద ఉండేవాడు. పడి కూర్చునేవాడు. పెద్దిరాజు కంగారుగా బటన్ మీదికి వేలు పోనిస్తే బైరాగి, "ఉండు నాన్నా," అనేవాడు. తండ్రీకొడుకులు ఆ కూర్చున్నవాణ్ణి చూస్తూ ఉండేవారు.

అలా కూర్చున్న ఒక సాయంత్రం పెద్దిరాజు తెర మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "లోపల నొప్పేత్తాదేటిరా?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. గుమ్మం దగ్గర దండెం మీద బట్టలు తీస్తున్న హైమ అక్కడే నిలబడిపోయింది.

"నొప్పి కాదు నాన్నా. బరువు. చెయ్యి నాది కానట్టుంటాది."

"భయమేత్తాదా?"

"రాత్రులు. ఊపిరి సరిగ్గా అందనప్పుడు."

"మరి నన్ను లేపవేటి?"

"పొద్దున్నే డ్యూటీ కదా నీకు."

పెద్దిరాజు పీట ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఇకమీదట లేపు," అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఆయన పడక బైరాగి మంచం పక్కకి మారింది. ఆటలో కిరీటం ఉన్న మేడ దాకా వెళ్ళారు ఇద్దరూ. కిరీటం అందలేదు. చలి ముదిరాక బైరాగికి దగ్గు పట్టుకుంది, ఊపిరితిత్తులకి పాకింది. హౌరాలో ఆసుపత్రిలో చేర్చారు. మాఘంలో ఒక ఉదయం పోయాడు. తండ్రి పక్కనే ఉన్నాడు.

ఆ తర్వాత మిషన్ బీరువాలో, మడతపెట్టిన దుప్పట్ల మధ్య ఉండిపోయింది. ఎండలు ముదిరాక సెలవు రోజొకటి వచ్చింది. హైమ వరండాలో కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. పెద్దిరాజు మిషన్ పట్టుకుని వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఇది నేర్పాల నాకు," అన్నాడు.

"నీకొచ్చు కదా నాన్నా."

"కుడి పక్కే వచ్చు. ఎడం పక్క ఆడు సూసుకునేవోడు."

హైమ తడి జుట్టు ముడేసుకుంది. తండ్రి ఎడమచెయ్యి అందుకుని, బొటనవేలు తీసి దాని చోట పెట్టింది.