దుబాసీకి కృతజ్ఞతలు

రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేసేవాళ్ళకు ప్రయాణ గ్రాంటు రావడమంటే మాటలు కాదు. పరాయి దేశంలో ఓట్లు ఎలా మాయమయ్యాయో తెలియాలంటే అక్కడికి వెళ్ళి, వాటిని లెక్కపెట్టినవాళ్ళ ఎదురుగా కూర్చుని అడగాలి. వెళ్ళాలంటే ఎవరో ఒకరు పంపాలి. ఆ పంపే ట్రస్టు పెద్దలేమో అక్కడికే ఎందుకు, నువ్వే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని పిల్లనిచ్చేవాళ్ళలా కూపీలు లాగుతారు. ఆమెకు మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది.

"మేం ఊళ్ళు తిరిగితే షికారు, మీరు తిరిగితే పరిశోధనా?" అని పిన్ని దెప్పింది. దెప్పుతూనే పెట్టె సర్దింది. పిన్ని టైలరింగ్ షాపు పైనున్న రెండు గదుల్లోనే ఆమె ఉంటోంది.

ఆ దేశపు భాష ఆమెకు చదవడానికి వచ్చు. ఎదుటి మనిషి గొంతు పూడుకుపోయి గబగబా మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని ఒక దుబాసీని కుదుర్చుకుంది. ఆయన అదివరకు బడిలో భూగోళం చెప్పేవాడు. ఏదో అనకూడని మాట అన్నాడని ఉద్యోగం తీసేశారు. ఆమె ఆయన్ని మాస్టారూ అని పిలిచేది. ఆయన ఎవరేమన్నా ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఒక అధికారి విసుక్కుంటే, "ఈ పిల్లకు పనీపాటా లేదా అంటున్నారమ్మా" అని అదే విసుగుతో వినిపించాడు. కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా మాస్టారూ అంటే, "మెత్తగా అనలేదుగా ఆయన" అన్నాడు.

మాస్టారు పుణ్యమా అని తలుపులు తెరుచుకున్నాయి. ఓట్ల లెక్కింపుకు వేసిన పోస్టాఫీసు గుమాస్తా ఒకావిడ, పక్కింటివాళ్ళకు వినపడకుండా వంటగదిలో కుళాయి తిప్పేసి మాట్లాడింది. పెట్టెల్లో ఓట్లు పక్కన పడేసి, బయటినుంచి తెచ్చిన కట్టలు లెక్కపెట్టమన్నారట. "ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ రోజునుంచీ నాకు అన్నం సయించడంలేదు" అని ఏడ్చింది. మాస్టారు ఆ మాటలు చెబుతుంటే ఆయన గొంతు కూడా వణికింది. అలాంటివాళ్ళు ఇంకొందరు దొరికారు. ఇంత పెద్ద నిజం చేతికొచ్చిందని ఆమె నేలమీద నిలవలేదు.

ట్రస్టుకో ఆనవాయితీ ఉంది. గ్రాంటుమీద వెళ్ళొచ్చినవాళ్ళు దాతల ముందు ఫోటోలు చూపిస్తూ ఉపన్యాసం ఇవ్వాలి. చివర్లో, తమకు సాయపడ్డ మనిషి ముఖం ఒకటి తెరమీద వేసి కృతజ్ఞతలు చెప్పాలి. దాతలు చప్పట్లు కొట్టేది అక్కడే. ఆమె ఒళ్ళు దగ్గర పెట్టుకునే తయారైంది. జవాబులిచ్చినవాళ్ళ పేర్లు తీసేసింది, ఊళ్ళు మార్చింది, ముఖాలు చెరిపేసింది. నిబంధనల్లో జవాబులిచ్చినవాళ్ళను దాచమనే ఉంది. మాటను అటునుంచి ఇటు మోసినవాడి ఊసే లేదు. నిబంధనల్లో లేనిది ఆమె బుర్రకూ తట్టలేదు. చివరి ఫోటోలో మాస్టారు తన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఫెళ్ళున నవ్వుతున్నాడు. హాలంతా చప్పట్లతో మోగింది. చదివిన చదువంతా ఏమైందో కానీ, ఆ పూట ఆమె బుద్ధి గడ్డి తింది. ట్రస్టువాళ్ళు ఉపన్యాసాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టారు.

కొన్నాళ్ళకు మాస్టారి కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్లకూ తండ్రి దగ్గర మన భాష అబ్బింది.

"అక్కా, నాన్నని తీసుకెళ్ళిపోయారు. నీతో ఎవరెవరు మాట్లాడారో పేర్లు చెప్పమంటున్నారట."

అక్కడ ఆ పేర్లన్నీ తెలిసినవాడు ఆయనొక్కడే. ఆమె ఆ రోజే వెబ్‌సైట్‌నుంచి వీడియో తీసేయించింది కానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? రాయబార కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. కలిసినవాళ్ళందరూ అయ్యోపాపం అన్నారు. కుర్చీలోంచి లేచినవాడు ఒక్కడూ లేడు.

కూతురు మళ్ళీ ఎవరి ఫోన్‌నుంచో చేసింది. "వకీలు ఒక దారి చెప్పాడక్కా. నాన్న అంతా కల్పించాడని నువ్వు చెప్పాలి. వాళ్ళు ఒకటంటే ఈయన ఇంకోటి చెప్పి నిన్ను మోసం చేశాడని చెప్పు. అప్పుడు ఇంక వెతకడానికి ఎవరూ ఉండరు కదా. మోసగాడైతే నాలుగు తన్ని వదిలేస్తారు. నిజం చెప్పినవాణ్ణయితే వదలరక్కా."

"నాన్నకు తెలుసా ఈ మాట?"

"నాన్న ఒప్పుకోడు. అందుకే ఆయనతో అనలేదు."

ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు వినగానే కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "వాళ్ళు ప్రాణానికి తెగించి చెప్పారమ్మా. దాన్ని నీ నోటితో నువ్వే అబద్ధం అంటావా? రేపు అక్కడ ఎవరు నోరెత్తినా నీ మాటే తీసి చూపిస్తారు. నీ పరిశోధన సంగతి సరే, ఇంకెవరూ ఆ పని చెయ్యలేరు."

ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేనందుకే ఆమెకు ఒళ్ళు మండింది. తప్పు లేని మాటలు చెప్పేవాళ్ళెవరూ మాస్టారున్న గదిలో తన్నులు తినడం లేదు.

పిన్ని కుట్టుమిషన్ ఆపి విన్నది. "నన్నడిగితే నేనేం చెప్తానే? మనిషుంటే నిజం మళ్ళీ ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. మనిషే పోతే ఎవరు చెప్తారు?"

అదే హాలు, అదే మైకు. కెమెరావైపు చూస్తూ ఆమె చెప్పింది. "నా దుబాసీ నన్ను మోసం చేశాడు. ఎవరూ అనని మాటలు అన్నట్టు చెప్పాడు. నా పరిశోధనలో ఒక్క మాట కూడా నమ్మదగింది కాదు." ఈసారి చప్పట్లు లేవు. ట్రస్టు ఆమెకు ఇక గ్రాంటు ఇవ్వబోమని ప్రకటించి, దుబాసీల చేతిలో మోసపోకుండా ఉండడమెలాగో పరిశోధకులకు క్లాసులు పెట్టింది. గైడు ఆమె పరిశోధననుంచి తన పేరు తీసేయించుకున్నాడు. ఆమె కింద షాపులో గుండీలు కుడుతూ కూర్చుంది. దానికి ఆమె బాధపడలేదు. ఫోన్ మోగితే మాత్రం సూది వదిలేసి పరిగెత్తేది.

వకీలు చెప్పినట్టే అయింది. మాస్టారిని వదిలేశారు. వారం వారం స్టేషన్‌కు వెళ్ళి కనపడి రావాలట. ఆ కబురు విన్న రోజు పిన్ని భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం మాస్టారే చేశాడు. పళ్ళు ఊడినట్టున్నాయి, మాట జారిపోతోంది.

"అమ్మాయీ, బాగున్నావా?"

"మాస్టారూ!" అంది.

"స్టేషన్‌నుంచే మాట్లాడుతున్నానమ్మా. సార్లు పక్కనే ఉన్నారు, ఇంకో దుబాసీని పెట్టుకుని వింటున్నారు. నువ్వు కెమెరా ముందు చెప్పింది నాకు చూపించారు. టీవీలో వేసి ఊరందరికీ చూపించారు." "మొన్న బజార్లో ఒకావిడ నా మొహాన ఉమ్మేసింది. అబద్ధాలకోరువి అంది. ఎవరో మరి, నాకు తెలీదు."

మాస్టారికి తెలియకపోవడమేమిటి! వంటగదిలో కుళాయి తిప్పి మాట్లాడినావిడేనని ఆమెకూ అర్థమైంది. మాస్టారు తన మాటలు మార్చి అమ్ముకున్నాడనే ఆవిడ నమ్మింది. మీరు ఒక్క మాట కూడా మార్చలేదు మాస్టారూ, నాకు తెలుసు అని అరవాలనిపించింది. అరిస్తే సార్లు వింటారు. పెదవి కొరుక్కుంది.

"నిన్ను మోసం చేసినందుకు క్షమాపణ అడగమన్నారు" అన్నాడు మాస్టారు, ఇంకెవరి మాటో ఆమెకు వినిపిస్తున్నట్టు. "నన్ను క్షమించమ్మా."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"చెప్పమ్మా" అన్నాడు మాస్టారు. ఈసారి అది ఆయన సొంత మాటే. "క్షమించానని గట్టిగా చెప్పు. వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"క్షమించాను మాస్టారూ" అంది ఆమె.

"సరే అమ్మా" అన్నాడాయన. ఆయన చేతిలోంచి ఎవరో ఫోన్ తీసుకుని పెట్టేశారు.