భుజం బిళ్ళ

కుడి మోకాలి తోలు ఎడమ మోకాలి కంటే ఎక్కువ అరిగింది. అంటే ఈ ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువన్నమాట. ట్రాక్ గురించి కుట్టుబాబాయ్‌కి అంతకుమించి తెలియనక్కర్లేదు. ఇన్నేళ్ళుగా మోటార్‌సైకిల్ రేసుల వెంట కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నా, ఆయన ఒక్క రేసు కూడా కూర్చుని చూసిన పాపాన పోలేదు. ఏ ఊళ్ళోనైనా సరే, టైర్ల గదిని ఆనుకుని కిటికీ లేని ఇరుకు గది ఒకటి ఆయనకి ఇస్తారు. అందులో కుట్టుమిషను, తోలుముక్కల సంచి, ఎత్తు స్టూలు, ఆ స్టూలు మీద బక్కపలచని ఈయన. పడి లేచిన రైడర్ల తోలుసూట్లు చిరిగి వస్తాయి, కుట్లు పడి వెళ్తాయి.

కళ్ళజోడు కాడ విరిగి ఎన్నాళ్ళయిందో, దాన్నీ తోలుదారంతోనే కట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోవయ్యా అంటే వింటేగా! చూపుడువేలి గోరు సూదిపోట్లు తిని తిని నల్లబడిపోయింది.

టీవీ వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఈ రేసుల చరిత్ర ముగ్గురిది. ఒకరి తర్వాత ఒకరు, ఏళ్ళ తరబడి ఇంకెవరినీ కప్పు ముట్టుకోనివ్వని ముగ్గురు. బాబాయ్‌కి మాత్రం ఆ చరిత్రంతా తోలు ఎక్కడ అరిగిందన్నదే. మొదట పెద్దాయన. మలుపులో వేగం తగ్గకుండా బండిని పక్కకి పడుకోబెట్టి మోకాలు నేలకి ఆనించిన మొనగాడు. మోకాలి దగ్గర తోలుతోపాటు చర్మం కూడా లేచిపోతుంటే, బాబాయ్ అక్కడ గట్టి ప్లాస్టిక్ బిళ్ళ కుట్టాడు. రైడర్లు దాన్ని స్లైడర్ అంటారు. తోలు నేలని పట్టేస్తుంది, బిళ్ళ జారుతుంది. ఉన్న కిటుకంతా అదే. ఏడాది తిరిగేసరికి అందరికీ మోకాలి బిళ్ళలు కావలసివచ్చాయి. తర్వాత మూగాయన వచ్చాడు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు గానీ, ఏకంగా మోచెయ్యే ఆనించాడు. మళ్ళీ బిళ్ళలు. ప్రతిసారీ ఒకడు ఇంకాస్త కిందకి వంగుతాడు, వాడిని అందుకోవాలని అందరూ వంగుతారు, అందులో కొందరు తిరిగి రారు. వాళ్ళ సూట్లు కూడా ఈ గదికే వస్తాయి. వాటిని బాబాయ్ కుట్టడు. మట్టి దులిపి, మడతపెట్టి, ఇంటివాళ్ళకి పంపుతాడు.

ఇప్పుడు నడుస్తున్నది పిల్లి కాలం. బండి ఎంత ఎత్తుకి విసిరేసినా కాళ్ళ మీదే వాలతాడని ఆ పేరు. ఇవాళ పొద్దున్నే పిల్లి తన సూటు తెచ్చి బల్ల మీద పడేశాడు. కుడి భుజం దగ్గర తోలు గీరుకుపోయి కాగితంలా పల్చబడింది. బాబాయ్ దాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఇక్కడేంట్రా?"

"ఆనింది బాబాయ్, పెద్ద మలుపులో. బిళ్ళ కుట్టెయ్. మధ్యాహ్నం రేసుకి కావాలి."

"భుజం కూడా అయిపోతే ఇక మిగిలేది తలే కదరా!"

"తలకి హెల్మెట్ ఉందిగా" అని పిల్లి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

బాబాయ్ కుట్టాడు. తను కాదంటే ఇంకెవరో కుడతారని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఈ మాట మోకాలప్పుడూ అనుకున్నాడు, మోచెయ్యప్పుడూ అనుకున్నాడు.

ముంజేతి కుట్టు విడిపోయిందని మేనల్లుడు వచ్చింది అప్పుడే. బావ పోయాక చెల్లెల్నీ వీడినీ తన ఇంటికి తెచ్చుకుని కంటికి రెప్పలా చూసుకున్నాడు బాబాయ్. పెళ్ళి జోలికి పోలేదు. పెద్దాయన పారేసిన సూటు కత్తిరించి చిన్నప్పుడు వీడికి మొదటి తోలుసూటు కుట్టిపెట్టింది ఈయనే. కుర్రాడు రేసుల్లో పడ్డాడంటే తప్పెవరిదంటారు మరి? ఈ ఏడాదంతా వాడు పిల్లి వెనకే రెండోవాడు. రెండోవాడి మొహం ఎవరికి గుర్తుంటుంది!

మేనల్లుడు కూర్చోలేదు. వేళ్ళతో బల్ల మీద దరువు వేస్తూ నిలబడ్డాడు.

"మామా, పిల్లి భుజానికేదో కుట్టావటగా."

"ఊఁ."

"నాకూ కుట్టు."

"నీ భుజం అరగలేదుగా."

"ఇవాళ అరుగుతుంది."

బాబాయ్ సూది ఆపాడు. టైము లేదని అబద్ధమాడాడు. బల్ల కింద ఇంకో బిళ్ళకి సరిపడా ప్లాస్టిక్ ముక్క ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

"పరాయివాడికి కుట్టావు, సొంత మేనల్లుడికి కుట్టవా?"

"కుట్టను. బిళ్ళ లేకపోతే నువ్వు భుజం ఆనించే ధైర్యం చెయ్యవు. అందుకే కుట్టను. మీ అమ్మకి నువ్వు కావాలి, నాకూ కావాలి. పో!"

మేనల్లుడు మొహం మాడ్చుకుని సూటు లాక్కుని వెళ్ళిపోయాడు. ముంజేతి దగ్గర దారం వేలాడుతూనే ఉంది.

కాసేపటికి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వాడేదో అడిగితే కాదన్నావట. రేసు ముందు వాడి మనసు కష్టపెట్టకు. అడిగింది కుట్టిపెట్టు."

"అదేంటో తెలుసా నీకు?"

"నాకేం తెలుసు? నీ చేత్తో కుట్టింది ఒంటిమీద ఉంటే వాడికేం కాదు. నాకు తెలిసింది అంతే."

బాబాయ్ రేసు అయ్యాక చూద్దాంలే అని గొణిగి ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం బండ్లు ఒక్కసారిగా కదిలాయి. గోడలు అదిరాయి, కుట్టుమిషను మీది కత్తెర టకటకలాడింది. బాబాయ్ తలుపు మూసి కూర్చున్నాడు గానీ మనసు మనసులో లేదు. చివరికి వంగి బల్ల కింది ముక్క తీశాడు. ఇవాళ్టికి గండం గడిస్తే చాలు, వచ్చే రేసుకి వాడికీ కుట్టేద్దాం, ఎలాగూ పట్టిన పట్టు వదిలే రకం కాదు అనుకున్నాడు. ముక్కని భుజం వంపుకి కత్తిరించి, దారం దూరడానికి అంచు చుట్టూ తోలు పొడిచే ఆరెతో కంతలు పొడవడం మొదలుపెట్టాడు.

గోడ అవతల ముందు పిల్లి బండి గీపెట్టి పోయేది. కాస్త ఆగి మేనల్లుడిది. ఆ వెనక మంద. చుట్టు తర్వాత చుట్టు అదే వరస. ఆ రెండు మోతల మధ్య ఖాళీ రానురాను తగ్గుతోందని ఆయన చెవులు ముందు పట్టాయి, మనసు తర్వాత పట్టింది. ఇంకో చుట్టు. రెండూ కలిసి ఒకే మోతలా గోడ దాటిపోయాయి.

బాబాయ్ చేతిలో ఆరె ఆగిపోయింది. పిల్లికి అంత దగ్గరగా ఎవరూ ఊరికే చేరలేరు. ఎలా చేరాలో ఈ లోకంలో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? లేచి తలుపు తీసి, బయటికి వెళ్ళి ఎవరితో ఏం చెప్పాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

మళ్ళీ చుట్టులో ఒక్క బండే వచ్చింది.

ఆ వెనక మంద నెమ్మదిగా వచ్చింది. తర్వాత ఒక్కొక్క ఇంజనే ఆగిపోయింది. టైర్ల గదిలో ఎవరో ఏదో అంటూ సగంలో ఆపేశారు. ఇంత నిశ్శబ్దం ఈ గదిలో ఆయన ఇంతకుముందూ విన్నాడు.

పిల్లి వచ్చాడు. హెల్మెట్ చేతిలో ఉంది. లోపలికి రాలేదు.

"నాకంటే కిందకి వంగాడు బాబాయ్. అంత వంగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. లోపలివైపు నుంచి నన్ను దాటేశాడు కూడా." హెల్మెట్‌ని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "భుజం నేలని పట్టేసింది. వాడు ఇక లేవలేదు."

బాబాయ్ పిల్లి భుజం వంక చూశాడు. పొద్దున తను కుట్టిన బిళ్ళ నున్నగా అరిగి మెరుస్తోంది. బిళ్ళ లేకపోతే ఆనించడనుకున్నాడు. పెద్దాయన మోకాలు ఆనించిన నాడు బిళ్ళ ఎక్కడిది? వాళ్ళు ముందు ఆనిస్తారు, బిళ్ళ తర్వాత వస్తుంది. ముగ్గురి కాలం తన చేతుల మీదుగా నడిచినా ఆ ముక్క ఆయనకి ఇవాళ తట్టలేదు.

బల్ల మీద ఫోను మోగింది. చెల్లెలు. నీ చేత్తో కుట్టింది వేసుకున్నాడా అని ఆమె అడుగుతుంది. ఆయన మోగుతున్న ఫోను గుండెలకి అదుముకుని, పిల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

గదిలో దీపం ఆర్పేవాళ్ళు లేరు. బల్ల మీద రెండో బిళ్ళ, దాని అంచు చుట్టూ వరసగా కంతలు, చివరి కంతలో నిటారుగా దిగి ఉండిపోయిన ఆరె.