నలభై ఒకటి కింద మచ్చ

నేను ఒక రేకు పలకను. అమెరికాలో, కాన్సాస్ గోధుమ చేల నడుమ, ఎల్డర్‌విక్ అనే చిన్న ఊరి పొలిమేరలో నిలబడి ఊరి పేరూ, కింద జనాభా అంకెనూ మోయడం నా ఉద్యోగం. ట్రాక్టర్లు బాగుచేసే ఓటో పాత ధాన్యపు తొట్టి రేకు కత్తిరించి నన్ను చేశాడు. తెల్లరంగు మీద నల్లగా మూడు వందల పన్నెండు అని రాశాడు. రైలు ఆగినన్నాళ్లూ అంకె పెరిగింది, రైలు ఆగడం మానేశాక తరగడం మొదలైంది.

ప్రభుత్వం లెక్కలు తీసేదాకా ఆగే ఓపిక మావాళ్లకు లేదు. బిడ్డ పుడితే తండ్రి, మనిషి పోతే ఇంటివాళ్లు కుంచె పట్టుకొచ్చి నా అంకె దిద్దాలి. అదీ ఆచారం. అయితే ఊరి శ్మశానం నా వెనకే, హద్దు లోపలే ఉంది. ఊళ్లోనే పడుకున్నవాణ్ణి ఊరి లెక్కలోంచి ఎందుకు తీసేస్తారో నాకు ఈనాటికీ బోధపడదు.

ఇర్మాకూ బోధపడలేదనుకుంటాను. భర్త వాల్టర్‌ను పాతిపెట్టిన రోజున కుంచెతో వచ్చి, అప్పటికి నలభై ఒకటికి దిగిన నా అంకెను కాసేపు చూసి, దిద్దకుండానే వెళ్లిపోయింది. అడిగితే ఏడుస్తుందని కొందరు, తిడుతుందని కొందరు నోరు మూసుకున్నారు. ఆ చలికాలమంతా నేను అబద్ధం చెబుతూ నిలబడ్డాను. అబద్ధమో కాదో!

వసంతంలో డేల్‌కు కూతురు పుట్టింది. ఎన్నో ఏళ్లకు ఊళ్లో పుట్టిన పసికందు. రంగు డబ్బాలతో పరుగున వచ్చినవాడు నా ముందు తల గోక్కున్నాడు. నలభై రెండు రాస్తే తప్పు లెక్క, రాయకపోతే పాపకు ఊళ్లో చోటు లేనట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంతలో శ్మశానం నుంచి ఇర్మా వచ్చింది.

"ఏం నాయనా, అలా నిలబడిపోయావు?"

"మీకు తెలీంది ఏముందండీ? ఆయన్ని నేను చెరపలేను. పాపను రాయకుండా ఇంటికెళ్లలేను."

"నువ్వెందుకు చెరుపుతావు? ఆ పని నాది. ఇలా ఇయ్యి."

ఆమె కుంచె అందుకుంది. ఒకటి మీద తెల్లరంగు పూసి, సున్న చుట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కుంచె అతని చేతిలో పెట్టి, "ఇక రాయి, పాప ఎదురుచూస్తూ ఉంటుంది" అంది. తడి ఆరకుండానే డేల్ సున్న మీద తెల్లరంగు పూసి ఒకటి గీశాడు. నలుపూ తెలుపూ కలిసి బూడిదరంగు మచ్చ పడింది. దారినపోయేవాళ్లకు మాత్రం నిన్నా నలభై ఒకటే, ఇవాళా నలభై ఒకటే.

తర్వాత ఒక్క వేసవిలోనే బడీ, పోస్టాఫీసూ మూతపడ్డాయి. నా అంకె దిద్దడానికి ఎవరూ మిగలకుండా జనం చెదిరిపోయారు. నన్ను తీసుకొచ్చి పక్క పట్నం మ్యూజియంలో తగిలించారు. మచ్చకు కారణం తుప్పు అని కింద చీటీ అంటించారు. చదువుకున్నవాళ్లు, నేనేమనను!

మొన్న ఒకావిడ పిల్లవాడితో వచ్చి ఆ ఒకటి మీద వేలు పెట్టింది.

"ఇది నేనే తెలుసా? మా నాన్న రాశాడు."

"మరి దీని కింద ఇంకేదో ఉందేంటమ్మా?"

ఆవిడ వంగి చీటీ చదివింది. "తుప్పంటరా" అంది.

కాదమ్మా, వాల్టర్ అని చెబుదామనుకున్నాను. రేకుకు నోరేదీ?