బుచ్చమ్మ చెప్పిన రెండో దారి

బుచ్చమ్మ ఒక పొద్దున కూరగాయల బండి దగ్గర "గీ బెండకాయలు ముదిరినయి" అని ఒక్క మాటన్నది. అంతే, ఆ బండాయన వారం పైనే బండిని అవతలి సందులో పెట్టుకోవాల్సి వచ్చింది. బుచ్చమ్మ ఎక్కడ ఏమన్నా ఆ మాట ఎనిమిది రోజులు అక్కడే ఉండిపోయేది. ఆ పక్కనుంచి ఎవరు పోయినా ఆమె గొంతుతోనే వినబడేది. అమీర్‌పేటలోని ఆ సందువాళ్లకు ఇది అలవాటే. పాలాయనైతే గుమ్మం దగ్గర "రేపు రెండు పాకెట్లు" అని వినబడగానే, అది నిన్నటి మాటో మొన్నటిదో కనుక్కొని మరీ వేసేవాడు.

కోచింగ్ సెంటర్ల వెనక రెండో అంతస్తులో వాళ్ల ఇల్లు. కింద బట్టల దుకాణం, పైన ఆడపిల్లల హాస్టల్. ఇంట్లో బుచ్చమ్మ, మోకాలి ఆపరేషనై వాకర్‌తో నడిచే ఆమె భర్త రాజనర్సయ్య, కొడుకు విజయేందర్, కోడలు మధులత, తొమ్మిదేళ్ల మనవరాలు పింకీ.

బేగంపేటలో మధులత పనిచేసే ఆఫీసులో ఒకరోజు ఫైర్ డ్రిల్ చేయించారు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఆమె మెట్ల కింద కరెంటు మీటర్ల ముందు చాలాసేపు నిలబడింది.

"కింద మీటర్లు అంటుకుంటే మనం ఎట్ల దిగుతం?" అని పైకొచ్చి విజయేందర్‌ను అడిగింది.

"ఎందుకంటుకుంటది? ఊకో."

"అంటుకుంటే అంటున్న."

అతను లేచి వెనక బాల్కనీలోకి పోయి చూశాడు.

వెనక బాల్కనీ గ్రిల్‌కు చిన్న తలుపుంది. అది దాటి ఒక్క అడుగు కిందికేస్తే పక్కింటి టైలర్ సాయిలు వాళ్ల మిద్దె. ఆదివారం అందరూ ఆ దారిన నడిచి చూశారు. గ్రిల్ తాళంచెవి దొరకడానికే పది నిమిషాలు పట్టింది, అది పోపుల డబ్బాలో ఉంది. ఇల్లు అంటుకుందనుకొని ఉరకమంటే పింకీ పోయి మంచం కింద దూరింది. మధులత వంగి బిడ్డను బయటికి లాగి, అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, పొగల ఏం కనబడదు. నీ మాటైతే వినబడతది. జర చెప్పి పెట్టవా?"

బుచ్చమ్మ ఇల్లంతా తిరిగింది. మంచం దగ్గర వంగి, "దాక్కోకు బిడ్డా, అమ్మ దగ్గరికి ఉరుకు" అన్నది. తాళంచెవిని గ్రిల్ పక్కన మేకుకు తగిలించి, "తాళంచెవి కుడిచేతి దిక్కు మొలకున్నది" అన్నది. పింకీ బడి నుంచి వస్తూ మెట్ల మీద చిక్కుకుంటేనో అని గుమ్మం బయట కూడా నిలబడి చెప్పింది. "కిందికి పోకు. పొగల నిలబడకు, కూసో. గోడ పట్టుకొని మన ఇంట్లకు రా."

ఆ మాటలు పోకుండా ప్రతి ఆదివారం మళ్లీ చెప్పేది. మంచమెక్కినప్పుడల్లా ఇదే లొల్లి అని రాజనర్సయ్య విసుక్కునేవాడు.

మూడు నెలల తర్వాత ఒక సెలవు రోజు పదకొండింటికి మీటర్లు అంటుకున్నాయి.

మధులత తలుపు కొంచెం తీసి, నల్లటి పొగ చూసి, వెంటనే మూసింది. తలుపు కింది సందులో తడి తువ్వాలు దోపింది. విజయేందర్ గ్యాస్ కట్టేసి తండ్రి దగ్గరికి పోయాడు. మంచం వైపు ఉరికిన పింకీ అక్కడ నానమ్మ మాట వినబడగానే వెనక్కి తిరిగి తల్లి చేయి పట్టుకుంది. గ్రిల్ తెరుచుకుంది. బుచ్చమ్మ మనవరాలిని తీసుకొని మిద్దె మీదికి దిగింది.

అప్పుడే గుమ్మం తలుపును ఎవరో కొట్టారు. చప్పుడు నేలకు దగ్గరగా వచ్చింది.

"తెరిస్తే పొగంత లోపటికొస్తది," అన్నాడు విజయేందర్.

"నేను గోడ పట్టుకొని నిలబడ్త గనీ, నువ్వు పోయి తియ్యిరా," అన్నాడు రాజనర్సయ్య.

మధులత అప్పటికే తలుపు దగ్గరుంది. భార్యాభర్తలిద్దరూ బయట మోకాళ్ల మీదున్న పిల్లను రెండు రెక్కలు పట్టి లోపలికి లాగి, మళ్లీ తలుపు మూసేశారు. రాజనర్సయ్యను చెరో పక్కా పట్టుకొని, ఆ పిల్లతో సహా మిద్దె మీదికి దించారు.

ఆ పిల్ల పేరు హరిణి. తెనాలి నుంచి హాస్టల్‌కు వచ్చి మూడు రోజులే అయింది. సెలవు రోజైనా మిగతా పిల్లలంతా కోచింగ్ క్లాసులకు పోతే జ్వరమొచ్చి పడుకుంది. మిద్దె మీద దగ్గు తగ్గాక చెప్పింది.

"కిందికి దిగిపోదామనే అనుకున్నానండి. ఏమీ కనబడలేదు. ఎవరో పెద్దావిడ వద్దన్నారు, నా పక్కనే ఉన్నట్టు. ఆవిడేరీ?"

"నేనే బిడ్డా," అన్నది బుచ్చమ్మ.

హరిణి ఆమె చేయి పట్టుకుంది.

సాయిలు వాళ్ల మెట్ల మీదుగా దిగి, అందరూ రోడ్డు మీద మెట్రో పిల్లర్ కిందికి చేరారు. ఫైరింజన్ వచ్చి అరగంటలో మంటలార్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. విజయేందర్ మాత్రం ఇంట్లోవాళ్లను ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టి, ఆఖరికి ఫుట్‌పాత్ మీద కూలబడి గట్టిగా నవ్వాడు.

హరిణి ఇంటికి ఫోన్ కలిపింది గానీ, తల్లి గొంతు వినగానే ఫోన్ పక్కకు చాచింది. బుచ్చమ్మ ఫోన్ అందుకుంది.

"అమ్మా, నీ బిడ్డ నా దగ్గరున్నది. ఏం కాలే. ఫికర్ చేయకు."

అవతల ఆ తల్లి ఏడ్చినంతసేపూ బుచ్చమ్మ ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

బుచ్చమ్మ ఫోన్‌లో అన్న ఆ మాట మెట్రో పిల్లర్ కింద ఎనిమిది రోజులుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ వినబడింది. పంజాగుట్ట ఆసుపత్రిలో బిడ్డను ఉంచి, ఫైలు పట్టుకొని వచ్చిన ఒకామె, ఆ మాట వింటూ రెండు బస్సులు వచ్చినా ఎక్కకుండా అక్కడే నిలబడింది. మూడో బస్సు వచ్చినప్పుడు కొంగుతో ముఖం తుడుచుకొని, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.