రెండు డిస్కుల పెట్టె

పుట్టింట్లో ఆమెను చిలక అనేవారు. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే చాలు, అచ్చుగుద్దినట్టు దించేసేది. డ్రిల్లు మాస్టారి కేకల దగ్గర్నుంచి పక్కింటావిడ తుమ్ము దాకా ఆమెకు రానిది లేదు. పెళ్ళయ్యాక భర్త కూడా ఆ పేరుతోనే పిలిచాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది.

అత్తగారు రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. కొట్టుకెళ్ళి అరకిలో ఉల్లిపాయలు అడిగినా పక్కనున్నవాళ్ళు సంచీలు సర్దుకునేవారు, బండి వస్తోందేమోనని. కిందటేడు పక్షవాతం వచ్చింది. చెయ్యి కోలుకుంది, కాలు కాస్త ఈడుస్తుంది. మాట మాత్రం ముద్దగా, మూతి ఒక పక్కకు లాగుతూ వస్తుంది. రోజూ గట్టిగా మాట్లాడాలనీ, మానేస్తే ఉన్నది కూడా పోతుందనీ మాటలు నేర్పడానికి వచ్చే థెరపిస్టు గట్టిగా చెప్పింది.

ఇంటి ఫొటోలన్నీ దాచిన హార్డ్‌డిస్కు ఒకరోజు బల్లమీంచి కింద పడింది. పెళ్ళి ఫొటోలు, అత్తగారి పాత అనౌన్స్‌మెంట్లు అన్నీ అందులోనే. రిపేరు షాపతను ఎలాగో చాలావరకు బయటికి లాగి, “ఈసారికి గట్టెక్కారు. ఇంకోసారి నావల్ల కాదు,” అన్నాడు. దాంతో భార్యాభర్తలిద్దరూ ఇంట్లో అందరికీ పనికొచ్చే నెట్‌వర్క్ స్టోరేజ్ కొనడానికి బయల్దేరారు.

కొట్లో గోడ పొడవునా నల్ల పెట్టెలు. ఒక డిస్కుదీ, రెండు డిస్కులదీ, నాలుగు డిస్కులదీ. భర్త కళ్ళు నాలుగింటి దాని మీదకు పోయాయి.

“అంత అక్కర్లేదండీ. మీరేమన్నా సినిమాలు తీస్తారా?” అన్నాడు కొట్టతను. “రెండున్నది తీసుకోండి. ఒకదాంట్లో పెట్టింది రెండోదాంట్లోకీ కాపీ అవుతుంది. ఒకటి చెడినా ఇంకోటి ఉంటుంది. రౌటర్‌కి తగిలిస్తే ఇంట్లో ఫోన్లన్నిట్లోంచీ ఫొటోలు, వీడియోలు వాటంతటవే వచ్చి చేరతాయి. టీవీలో కూడా చూసుకోవచ్చు.”

“అదే ఇవ్వండి,” అంది చిలక.

“మరి ఎవరి ఖాతా వాళ్ళకి పెట్టమంటారా? ఎవరివి వాళ్ళకే కనపడతాయి.”

“మనిషికో పాస్‌వర్డు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ? అందరిదీ ఒక్కటే పెట్టేయండి. మా ఇంట్లో దాపరికాలేం లేవు,” అంది ఆమె.

ఇంటికొచ్చాక అన్ని ఫోన్లనూ ఆమే కలిపింది. ఫొటోలన్నీ బారులుతీరి పెట్టెలోకి వెళ్తుంటే, “మా చిలకకి రానిదంటూ లేదు,” అన్నాడు భర్త. అత్తగారు కూడా కుర్చీ దగ్గరకు లాక్కుని చూస్తూ, “బా...గుంది,” అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె అక్క ఫోన్ చేసింది. ఉద్యోగంలో ఏదో చికాకుపడి, ఏడుపు గొంతుతో మాట్లాడింది. “ఏదన్నా చేసి నవ్వించవే,” అంది. డ్రిల్లు మాస్టారిని చేసి పంపితే, “అది పాతదే. కొత్తది చెయ్యి,” అంది.

చిలక పెరట్లోకి వెళ్ళింది. ఫోను గోడమీద నిలబెట్టి, కొంగు అత్తగారిలా భుజం చుట్టూ లాక్కుని, మూతి పక్కకు తిప్పింది. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, “ద...దయచేసి గమ...నిం...చండి. మూడో నం...బరు...” అంది. ఆ పైన నవ్వు ఆపుకోలేక రికార్డింగు ఆపేసింది. అక్కకు పంపింది. పంపాక ఎందుకో ఉంచుకోబుద్ధికాక, ఆ వీడియోను ఫోన్‌లోంచి చెరిపేసింది. ఈలోగానే అది నల్ల పెట్టెలోకి చేరిపోయిందన్న ఆలోచన ఆమెకు రాలేదు.

సెలవురోజున ఆడపడుచు, ఆవిడ భర్త భోజనానికి వచ్చారు. తిన్నాక హాల్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. “మా కొత్త పెట్టె చూద్దురుగాని,” అంటూ భర్త రిమోట్ నొక్కాడు. ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. ఆడపడుచు చిన్నప్పటి బొమ్మ చూసి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే తెరనిండా చిలక వచ్చింది, మూతి పక్కకు తిప్పుకుని, కాలు ఈడ్చుకుంటూ.

అదేమిటో అర్థం కావడానికి ఎవరికీ ఆట్టేసేపు పట్టలేదు. భర్త కంగారులో ఆపబోయి సౌండు పెంచాడు. “దయచేసి గమ...నిం...చండి” అన్న మాట ఇల్లంతా మోగింది. చిలక లేచి పరుగెత్తి ప్లగ్గు పీకేసింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. చేతిలో వైరు పట్టుకుని గోడకేసి చూస్తూ అలాగే నిలబడింది.

అత్తగారి గొంతు వినపడింది. “బా...గా... చేశావు.”

అంతే. కుర్చీ పట్టుకుని లేచి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నడుస్తున్నప్పుడు ఆ కాలు ఈడవకుండా ఎత్తి వేయాలని ఆవిడ పడిన యాతన అందరూ చూశారు.

ఆడపడుచు చెప్పులేసుకుంటూ, “అమ్మ నీ గురించి మా అత్తగారితో ఎంత గొప్పగా చెప్పిందో తెలుసా వదినా?” అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. భర్త కూడా తిట్టలేదు. ఆ వేళ నుంచి ఆమెను చిలకా అని పిలవడం మానేశాడు.

ఆ వీడియోను ఆమె పెట్టెలోంచి తీసేసింది. చెత్తబుట్టలో కనపడితే అక్కడా తీసేసింది. ఇంకెక్కడన్నా మిగిలిందేమోనని మళ్ళీ మళ్ళీ వెతికింది. చూసినవాళ్ళ కళ్ళలోంచి మాత్రం తీయలేకపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర ఎవరైనా దవడ వాచి ముద్దగా మాట్లాడితే తల దించుకుని అపాయింట్‌మెంట్ రాసేది.

అత్తగారు మాట్లాడటం మానేశారు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేవారు. వద్దంటే చెయ్యి అడ్డంగా ఊపేవారు. థెరపిస్టు వచ్చి ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. “ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదండీ,” అని ఆమె గుమ్మం దగ్గర చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం చిలక అత్తగారి గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

“తప్పయిపోయింది అత్తయ్యా. మీరు నన్నేమన్నా పడతాను. మాట మాత్రం మానకండి.”

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. చాలాసేపటికి ఇటు తిరిగి, “మీ... అక్క... నవ్విందా?” అని అడిగారు.

లేదు, మా అక్క కూడా నన్ను తిట్టిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“నవ్వింది అత్తయ్యా. నేనూ నవ్వాను.”

అత్తగారు ఆమె ముఖంలోకి చూశారు. ఆ చూపు ముందు తల ఎత్తి ఉంచడం ఆమెకు బ్రహ్మప్రళయమైంది. “స...రే. వెళ్ళు,” అన్నారు ఆవిడ. క్షమించానని అనలేదు.

మర్నాడు ఆవిడే వంటింట్లోకి వచ్చి తన ఫోను చాపారు. “ఆ పెట్టెలో... నాది... వేరే పెట్టు. ఎవరికీ... కనపడ...కూడదు.” చిలక ఆవిడకు ఒక ఖాతా తెరిచింది. ఆవిడ పాస్‌వర్డు కొట్టేటప్పుడు తను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆ తర్వాత ప్రతి ఉదయం తలుపు వెనక అత్తగారు తన మాటలు రికార్డు చేసుకునేవారు. ఏం చెప్తున్నారో చిలక ఆగి వినలేదు. అటుగా వెళ్ళాల్సి వస్తే కావాలని గిన్నెలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళేది. అక్క కొత్తది చెయ్యమని అడిగితే, “ఇంక చేయనే,” అంది.

ఇంట్లో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కొడుకుతో, థెరపిస్టుతో, ఫోన్‌లో కూతురితో. కోడలితో మాత్రం అవసరమైనంతే.

ఒకరోజు పొద్దున్న చిలక బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచారు. “పా...” అన్నారు. చిలక చటుక్కున ఆవిడ వైపు తిరిగింది. ఏం చెప్పబోతున్నారో తెలుస్తూనే ఉంది, మాడు వాసన కూడా వస్తోంది. అయినా కదల్లేదు.

“పాలు... పొంగి... పోతు...న్నాయి!”

అప్పటికి సగం పాలు పొయ్యిమీద, మిగతావి గట్టుమీద ఉన్నాయి. చిలక వెళ్ళి పొయ్యి కట్టేసింది.

“చెవు...డా నీకు? పా అన్న...ప్పుడే... పరిగెత్తొద్దూ?”

“మీరు చెప్పడం అవనీ అని ఆగాను అత్తయ్యా.”

“నా మాట... అయ్యేదాకా... ఆగితే... ఇల్లు... కాలి...పోతుంది! కళ్ళు... ఎక్కడ పెట్టు...కుంటావు? చూడు... గట్టంతా... ఎలా చేశావో...”

అత్తగారు చాలాసేపు తిట్టారు. చిలక గట్టు తుడుస్తూ అంతా విన్నది.