ఫోటోలో నాలుగో మనిషి

నేను ఒక గాజు నెగటివ్‌ని. ముఖం చూసుకునే అద్దమనుకునేరు, కాదు. అద్దం ముందు నుంచి మీరు పక్కకు తప్పుకుంటే అది మిమ్మల్ని ఆ క్షణమే మరిచిపోతుంది. నేను మరిచిపోను. డెబ్భై ఏళ్ళ కిందట ఒక పూట నా ఎదుట కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ నాలో అలాగే కూర్చుని ఉన్నారు. గొప్పలు పోతున్నానంటారా? పోనివ్వండి, నాకున్న గొప్ప అదొక్కటే.

నాలో అంతా తారుమారుగా ఉంటుంది. నల్లజుట్టు తెల్లగా, తెల్లపంచె నల్లగా కనిపిస్తాయి. నన్ను వెలుతురుకెత్తి చూసినవాళ్ళు "అమ్మో, దెయ్యాల్లా ఉన్నారు" అంటారు. కాగితం మీద అచ్చు వేసుకుంటే అందరూ మళ్ళీ మనుషులైపోతారు. గాజుపలక మీద జిలాటిన్ అనే జిగురు పూత, ఆ పూతలో వెండి, ఇదీ నా ఒళ్ళు. పన్నెండుమందిమి ఒక అట్టపెట్టెలో సముద్రం దాటి వచ్చి, కాకినాడలో తాళ్ళూరి నరసన్నగారి ప్రభాకళా స్టూడియోకి చేరాం. ముందు గది స్టూడియో, వెనక గది సంసారం. మధ్యలో ఒక కర్టెనే అడ్డం.

1955 మాఘమాసంలో నా వంతు వచ్చింది. సామర్లకోట నుంచి ముగ్గురు తోడల్లుళ్ళు దిగారు. అత్తగారు హాల్లో పెట్టుకుంటానని ముచ్చటపడి పంపించిందట. కొత్త పంచెలు, గంజి పెట్టిన చొక్కాలు, తలకి కొబ్బరినూనె, అన్నీ బాగానే ఉన్నాయి. తీరా కుర్చీల దగ్గరకొచ్చేసరికి ఒక్కరూ కూర్చోరు!

"ఆయ్, ముగ్గురు కలిసి ఫోటో దిగితే నడిమోడికి గండమంటారండీ," అంటూ పెద్దల్లుడు గబుక్కున చివరి కుర్చీ పట్టుకున్నాడు.

"అదేంటన్నయ్యా, పెద్దోరు నడిమి కూచోకపోతే ఏం బాగుంటాది!" అని రెండో ఆయన రెండో చివర్న చేరాడు. మిగిలిన మూడో ఆయన వీధి గుమ్మం వైపు చూస్తున్నాడు. వెళ్ళిపోయేవాడే, పాపం.

నరసన్నగారికిది కొత్త కాదు. కర్టెన్ వైపు తిరిగి "తాయారూ!" అని కేకేశారు.

ఆయన భార్య మంగతాయారు చంకలో మూడేళ్ళ పిల్లతో వచ్చింది. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ "ముగ్గురేనా?" అని అడిగి, ఒక జానెడు ఎడంగా కుడి చివర నిలబడింది. అంతే, నలుగురయ్యారు. గండం గట్టెక్కింది. మూడో ఆయన ధైర్యంగా నడిమి కుర్చీలో కూర్చున్నాడు. ధైర్యంగా అంటే, కళ్ళు మాత్రం ఇంత పెద్దవి చేసుకుని.

ఆ తర్వాత నరసన్నగారు సన్న కుంచెతో నా మీద మంగతాయారు, చంకలో పిల్ల ఉన్నంత మేరా ఎర్రరంగు పూశారు. ఆ ఎరుపు లోంచి దూరిన వెలుతురును ఫోటో కాగితం లెక్కచెయ్యదు. అక్కడ తెల్లగా వదిలేస్తుంది. వెనక కట్టిందీ తెల్లగుడ్డే కాబట్టి అతుకు తెలియదు. అత్తగారి హాల్లోకి ముగ్గురల్లుళ్ళే వెళ్ళారు. నాలుగో మనిషి నా దగ్గరే ఉండిపోయింది.

ఆ స్టూడియోలో ముగ్గురు స్నేహితులు దిగినా, ముగ్గురు అక్కచెల్లెళ్ళు దిగినా నాలుగో మనిషి మంగతాయారే. మిగతావాళ్ళంతా ఊపిరి బిగబట్టి కర్రల్లా నిలబడేవారు. ఎలాగూ చెరిపేస్తారని తెలుసు కనక ఆవిడ మాత్రం ఇష్టం వచ్చినట్టు నిలబడేది. నన్నడిగితే ఆ స్టూడియోలో కెమెరాకి భయపడని మనిషి ఆవిడొక్కతే.

"నాకూ ఒకటి తియ్యండి, చెరపకుండా," అని ఒకరోజు అడిగింది.

"ఇంట్లో మనిషివే కదే, ఎప్పుడైనా తియ్యచ్చు," అన్నారాయన. తియ్యకూడదని కాదు. నిజంగానే ఎప్పుడైనా తియ్యచ్చనుకున్నారు. మనుషులకు ఈ 'ఎప్పుడైనా' మీద ఉన్నంత నమ్మకం నాకు గాజు మీద కూడా లేదు.

మరుసటేడు వేసవిలో టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజుల్లో మంగతాయారు పోయింది. నెల తిరక్కుండా నరసన్నగారు మా పెట్టెలన్నీ విప్పి, ఆవిడ ముఖం అన్నిటికంటే బాగా పడిన పలకను ఎంచి తీశారు. ఎర్రరంగు వదిలించాలని నీళ్ళ పళ్ళెంలో వేశారు. ఆ ఎండలకు కుండలో నీళ్ళే వేడెక్కి ఉన్నాయి. రంగు కంటే ముందు పూత వదిలేసింది. పాల మీద మీగడలా గాజు మీంచి జారి, ముడతలు పడి, ఆయన వేళ్ళ మధ్యే చిరిగిపోయింది. "తాయారూ, తాయారూ" అంటూ ఆ తునకలు ఏరుకుంటుంటే చూడలేకపోయాను. మమ్మల్నందరినీ ఒక పెద్ద చెక్కపెట్టెలో సర్ది, మూత బిగించి, అటక మీదకి తోసేశారు. మళ్ళీ ముట్టుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది. కూతురికి కూడా చెప్పలేదు.

ఆ కూతురు కనకరత్నం పిఠాపురంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. నరసన్నగారు పోయారు, స్టూడియో చేతులు మారింది. మేం మాత్రం బొద్దింకలతో కాపురం చేస్తూ అటక మీదే ఉన్నాం. చివరికి ఒక ఫోటో మ్యూజియంవాళ్ళు వచ్చి మమ్మల్ని పెట్టెతో సహా దింపుకుపోయారు.

అబ్బో, అక్కడ మర్యాదలు చూడాలి! సంగ్రహాలు చూసుకునే వహీదా అనే ఆవిడ చేతికి తొడుగులేసుకుని, నన్ను అంచులతో పట్టుకుని, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపింది. పెన్ను సిరా దిగుతుందని కవరు మీద పెన్సిలుతోనే రాసింది. ఆవిడ ఇచ్చిన నంబరు రెండొందల పదిహేడు. ఇక వివరం దగ్గర ఏం రాసిందో తెలుసా? 'ముగ్గురు పురుషులు. కుడి వైపు ఖాళీ.'

ఖాళీనా! నాకు ఒళ్ళు మండిపోయింది. నోరుంటే ఆ చల్లగది దద్దరిల్లేలా అరిచేదాన్ని. ఆవిణ్ణని లాభం లేదు, కంప్యూటర్లో ఆవిడకి కనిపించిందే అది. మమ్మల్ని కెమెరాతో తీసే దైవప్రసాద్‌గారు మొదటిరోజే ఒక నిర్ణయం చేసేశారు. "నలుపు తెలుపు నెగటివ్‌కి రంగులెందుకండీ, ఊరికే కంప్యూటర్లో చోటు తినేస్తాది," అని మా మూడొందల పన్నెండుమందినీ నలుపు తెలుపులోనే తీశారు. నా ఎరుపు చిక్కటి నలుపైపోయింది. కంప్యూటర్లో నలుపు తెలుపులు తిరగేస్తే తెల్లటి ఖాళీ అయింది. నరసన్నగారి కుంచె ఒకసారి చెరిపింది, వీళ్ళు మళ్ళీ చెరిపారు.

మా పెట్టె సంగతి పేపర్లో పడ్డ వారానికి కనకరత్నం వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు మంగతాయారు చంకలో చూశాను. ఇప్పుడు చేతికర్రతో వచ్చింది.

"మా అమ్మ పోయేప్పటికి నాకు నాలుగేళ్ళమ్మా," అంది వహీదాతో. "పసుపు వాసనేసే చెయ్యి గుర్తుంది. మొహం లేదు. ఊరందరికీ ఫోటోలు తీసినాయన ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటి లేదంటే ఎవరన్నా నమ్ముతారేంటమ్మా? ఇందులోనన్నా ఉంటాదేమోనని వచ్చాను."

వహీదా పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపించింది. పెళ్ళికూతుళ్ళొచ్చారు, టీచరమ్మలొచ్చారు. ఒక్కొక్క ఆడమనిషి రాగానే ముందుకి వంగి, "ఈవిడ మా అమ్మేనంటావా?" అని కనకరత్నమే అడిగేది. ఎవరు చెబుతారు? నా బొమ్మ వచ్చింది. ఇంత దగ్గరగా వచ్చి, తల్లి లేని ఫోటో చూస్తోంది కూతురు! నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆవిడ మాత్రం నడిమి అల్లుడి కళ్ళు చూసి కిసుక్కున నవ్వింది. "ఈయనెందుకమ్మా ఇంత బెదిరిపోయాడు?" అంది. మూడొందల పన్నెండూ అయిపోయాయి. కనకరత్నం కళ్ళజోడు తీసి తుడుచుకుని, కర్ర అందుకుంది.

"పోన్లే తల్లీ. మా నాన్న ముట్టుకున్న గాజు ఒక్కటి చూపించు, వెళ్ళిపోతాను. ఆ బెదిరిపోయినాయన ఉన్నాడే, అది తియ్యి."

వహీదా నన్ను తెచ్చి కింద దీపం వెలిగే బల్ల మీద పెట్టింది. కనకరత్నం వంగింది.

"ఈ ఎరుపేంటమ్మా?"

"రీటచింగ్ రంగండీ. ఏదో మచ్చ పడితే కప్పుంటారు."

కనకరత్నం ఇంకా వంగింది. ముక్కు నాకు తగిలేంత దగ్గరకొచ్చింది. "మచ్చకి బొట్టుంటాదేంటమ్మా?"

వహీదా భూతద్దం పెట్టి చూసి నోరు తెరిచేసింది. దైవప్రసాద్‌గారు పరుగున వచ్చారు. వచ్చినాయన ఊరుకోక, "ఉండండి, తడిదూదితో తుడిచేస్తే రంగు పోద్ది," అని దూది ముంచి నా మీదకు తెచ్చారు. నీళ్ళ పళ్ళెంలో చిరిగిన ముఖం గుర్తొచ్చి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆగండి!" వహీదా ఆయన చెయ్యి పట్టేసుకుంది. "పాత పూత, నీళ్ళు తగిలితే లేచొచ్చేస్తాది." ఒక్క నిమిషం ఆలోచించి అంది: "ఎరుపు ఫోటో కాగితానికే అడ్డమండీ, మన కెమెరాకి కాదు. రంగుల్లో తీసి, ఎరుపు వెలుతురొక్కటే ఉంచి చూద్దాం."

"తప్పు నాదేనండీ. నేనే నలుపు తెలుపులో పెట్టాను," అంటూ ఆయన దూది అవతల పారేశారు. అలా ఒప్పుకున్నందుకు ఆయన మీద నా కోపం సగం చల్లారింది.

నన్ను మళ్ళీ తీశారు. తిరగేశారు. తెల్లటి ఖాళీ మెల్లగా నిండింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కొంగు బొడ్లో దోపుకుని, నవ్వు ఆపుకోలేక బుగ్గలు పూరించి, నడిమి అల్లుడి బెదురుచూపుల్ని ఓరగా చూస్తోంది. చంకలో పసిది ఆవిడ జడ గుప్పెట్లో బిగించింది.

కనకరత్నం ముందు ఆ పసిదాని మీద వేలు పెట్టి, "ఇది నేనేనమ్మా, నాన్న తీసిన నా చిన్నప్పటి ఫోటోలో మొహమిదే," అని, ఆ తర్వాత తల్లి ముఖం మీదకి చూపెత్తింది.

"ఇంత చిన్నపిల్లా!" అంది కనకరత్నం. "అమ్మంటే పెద్దావిడనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. మా మనవరాలి ఈడు కూడా లేదు." కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "ఎంత అల్లరిదో చూడు! నవ్వుతాదని ఎవ్వరూ చెప్పలేదు నాకు."

నేను చెప్పలేకపోయాను గానీ దాచి ఉంచాను. ఆ మాట గట్టిగానే చెప్పుకుంటాను.

దైవప్రసాద్‌గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఈ ముగ్గుర్నీ తీసేసి, మీ అమ్మగార్నీ మిమ్మల్నీ మాత్రం పెద్దది చేసి ఇస్తానండీ. చక్కగా గోడకి పెట్టుకోవచ్చు."

కనకరత్నం తెర మీంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపింది.

"వద్దు బాబూ. ఇందులోంచి ఒకసారి ఒకళ్ళని తీసేశారు, చాలు. ఇంకెవర్నీ తియ్యకండి."